పద్మనాభం గారి కకకార్బన్

బోయిగూడ సందులోని జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పద్మనాభం గారికి ఒక్కటే పిచ్చి: మూలకాలకు కొత్త పేర్లు పెట్టడం. ఆ పేర్ల కోసం ఏకంగా భాషలే కనిపెట్టేవారు.

ఒక ఏడాది భాషలో పేర్లన్నీ ముక్కుతో పలకాలి. సోడియం 'ఞోంగి' అయిపోయింది. మరో ఏడాది వాయువుల పేర్లు ఊపిరి లోపలికి పీలుస్తూ అనాలన్నారు. హీలియం దాకా వచ్చేసరికి సగం క్లాసుకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"గిదేం చదువు సార్? పిల్లలు పరీక్షల గిట్లనే రాస్తే?" అని ప్రిన్సిపాల్ రాజేందర్ తల పట్టుకునేవాడు.

"రాయరండి. రాతకి అసలు పేరు, నోటికి నా పేరు."

మార్కులు బాగానే వచ్చేవి కాబట్టి రాజేందర్ నోరు మూసుకునేవాడు.

ఈ జూన్‌లో కల్పలత అక్కడే కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరింది. సబ్జెక్టు కొట్టిన పిండి, నోరే సహకరించదు. మొదటి క్లాసులోనే 'కార్బన్' దగ్గర నత్తి పట్టుకుంది. ఆమె "క... క..." అంటుంటే వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

"ఒక వారం చూస్త మేడమ్. కాకుంటే ఆఫీసు పని చూసుకోండ్రి," అన్నాడు రాజేందర్. పాఠం చెప్పాలన్నది ఆమెకు చిన్నప్పటి కోరిక. ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

మర్నాడే పద్మనాభం గారు పాత భాష రద్దు చేసి కొత్తది షురూ చేశారు. అందులో ప్రతి మూలకానికీ మొదటి అక్షరం రెండు మూడుసార్లు రెట్టించాలి. "గబగబ, చకచక అనడంలేదూ? ఇదీ అంతే," అన్నారు. పక్క గదిలోంచి "కకకార్బన్, ససోడియం" అని కోరస్ వినిపించేసరికి కల్పలతకు ఒళ్ళు మండింది. ఇంత పెద్దమనిషి తనను వెక్కిరిస్తాడా?

వెళ్ళి కడిగేద్దామనుకునేలోగా అదే పిల్లలకు తన క్లాసు గంట కొట్టారు.

"క... క... కార్బన్," అంది బోర్డు వైపు తిరిగి.

ఎవరూ నవ్వలేదు. "మేడమ్‌కు సుత సార్ భాష వచ్చు," అంది వెనక బెంచీ ఊర్మిళ పక్కమ్మాయితో. "మనకన్నా మంచిగ పలుకుతున్నరు."

క్లాసంతా ఆమె వెంట అంది. కాల్షియం కూడా అలాగే గట్టెక్కింది. కాపర్ దగ్గరికి వచ్చేసరికి భయం ఎటో పోయి, పేరు ఒక్కసారికే నోట్లోంచి వచ్చేసింది.

"తప్పు మేడమ్," అన్నారు పిల్లలు. "రెట్టించాలె."

కిటికీ దగ్గర నిలబడి వింటున్న రాజేందర్ తన గదికి వెళ్ళిపోయాడు. ఆఫీసు పని మాట మళ్ళీ ఎత్తలేదు.

స్టాఫ్ రూమ్‌లో కల్పలత పద్మనాభం గారి ఎదురుగా కూర్చుంది. కోపం పోయి, ఆ చోట కృతజ్ఞత నిండింది. "ఈ భాష నా కోసమే కదా సార్?"

"మీకోసం ఎందుకమ్మా? అది వ్యాకరణం," అన్నారాయన టీ చల్లార్చుకుంటూ.

"థా... థాంక్స్ సార్."

"రెండే అన్నారు. పెద్దవాళ్ళకైతే మూడుసార్లు అనాలి."

కల్పలత నవ్వుతూ, ఈసారి కావాలనే, ఇంకొక 'థా' కలిపింది.