ముత్యాలయ్య కాలికి జెల్లు పట్టీ

మైపాడులో ముత్యాలయ్యంత మొండివాడు ఇంకొకడు లేడు. షుగరుందని తెలిసి పదేళ్ళయినా, కాలికి ఏది గీసుకున్నా సముద్రంలో ముంచి తీసేవాడు. ఉప్పునీళ్ళకు మించిన మందు లేదని మా పల్లెలో అందరి నమ్మకం. నాదీ అదే, అందుకే ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. షుగరు మాత్రం మా నమ్మకాన్ని ఖాతరు చేయలేదు. అరికాలి పుండు ఎనిమిది నెలలైనా మానలేదు.

వాసన మొదలయ్యాక, ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. ఎవరూ పొమ్మనలేదు. తాడు పట్టే వరసలో ఆయన చోట ఓబయ్య నిలబడ్డాడు, అంతే. భార్య పోయి మూడేళ్ళు, పిల్లల్లేరు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. నిజం చెప్పాలంటే నేనూ తప్పించుకు తిరిగాను.

నెల్లూరు ఆసుపత్రిలో కొత్తగా పరీక్షిస్తున్న జెల్లు పట్టీ ఆయనకు వేశారు. తాటిముంజలా మెత్తగా, తేటగా ఉంటుంది. లోపలున్న మందు పుండులోకి కొంచెం కొంచెంగా దిగుతుంది. వారానికోసారి నర్సు అబిగయీలు దాన్ని మార్చేది. నీళ్ళలో కాలు పెట్టకూడదు, అదొక్కటే షరతు. ఆరు వారాలకు పుండు తగ్గి రూపాయి బిళ్ళంత అయింది. మానకపోతే పాదం తీసేయాలన్న డాక్టరు కూడా నవ్వాడు.

ఏడో వారం ఒక పొద్దున ఓబయ్య పెళ్ళికని కోట అనే ఊరికి వెళ్ళాడు. వల చూస్తే బరువుగా ఉంది. మాతో తాడు లాగే పెంచల్, ఇసుకలో కూర్చున్న ముత్యాలయ్యను చూసి కేకేశాడు.

"మామా, వచ్చి ఓ చెయ్యెయ్యి!"

ముత్యాలయ్య కుంటుతూనే పరుగెత్తాడు. మోకాలి లోతు నీళ్ళలో గంటసేపు లాగాడు, మాతోపాటు అరిచాడు, నవ్వాడు. పట్టీ ఉబ్బి ఊడిపోయినా, పుండులోకి ఇసుక దిగినా ఆ మొద్దుబారిన కాలికి తెలియలేదు. తెలిసినా ఆగేవాడు కాదు. ఆ గంటసేపు ఊళ్ళో ఆయనంత సంతోషంగా ఎవరూ లేరు.

మర్నాడు ఆసుపత్రికి ఒక్కడే వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత అబిగయీలే నాకు చెప్పింది. చీము పట్టిన పాదం చూసి ఆమెకు ఏడుపొచ్చిందట.

"ఎందుకు దిగినావు పెద్దాయనా? అన్నిసార్లు చెప్పినా గదా!"

"పిలిచినారమ్మా."

ఆమె పుండు కడిగి కొత్త పట్టీ వేసింది.

"ఇదే ఆఖరు. ఇంకోసారి తడిస్తే పాదం తీసేస్తారు. మళ్ళీ పిలిస్తే పోతావా?"

ఆయన కొత్త పట్టీని వేలితో తడిమి చూసుకున్నాడట.

"నిన్నంటే మనిషి తక్కువై పిలిచినారు. ఇంక పిలవరులేమ్మా."