నలభై మూడు మందికీ వంతు

ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఇరవై ఆరేళ్లు హమాలీ జట్టుకు మేస్త్రిగా ఉన్న గంగాధర్ చేతిలో ఎవరూ ఎప్పుడూ పుస్తకం చూడలేదు. మొన్న మంగళవారం మూడో లారీకి మొదటి బస్తా ఎత్తిందెవరు, పైన నిలబడి అందుకున్నదెవరు, ఎండెక్కాక నీడవైపు పనిచేసే వంతు ఎవరిది అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. జట్టులో పంతొమ్మిది మంది. బలమున్నవాడని గాని, చుట్టమని గాని ఎవరినీ ముందుకు పిలిచేవాడు కాదు. మోకాలు చెడిపోయిన నడిపయ్యకు కూడా వంతు వచ్చేది. అతను బస్తా ఎత్తలేడు కనుక దబ్బనం పట్టుకుని మూతులు కుట్టేవాడు. ఒక వేసవిలో పసుపు రాశుల మీదికి వాన ముంచుకొస్తుంటే, పక్క జట్టు నలుగురు బలమైనవాళ్లను దించి లారీ నింపేసింది. గంగాధర్ వంతు తప్పించలేదు. కొంత పసుపు తడిసింది. ఒక సేటు రెండు నెలలు అతని మొహం చూడలేదు. కానీ జట్టు విడిచి ఒక్కడు కూడా పోలేదు.

భుజం నొప్పి ఎక్కువై నిరుడు మేస్త్రి పని మానేశాడు. ఇప్పుడతనికి యాభై తొమ్మిది. పొద్దున్నే స్నానం చేసి, భుజాన తువ్వాల వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా అరుగు మీద కూర్చుంటాడు. ఎదురుగా ఆటోలు ఆగే చోట ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చి సీటు పట్టారో చూసి లోపల ఉన్న భార్య ముత్తెమ్మకు చెబుతుంటాడు. ఆమె వినదు.

ఇలాంటి మనిషిని కూతురు ప్రవళిక ఒక జపాన్ వీడియో గేమ్ ముందు కూర్చోబెట్టింది.

దానికి కారణం ఉంది. ఆమె పనిచేసిన కోచింగ్ సెంటర్ మూతపడి ఏడాదిన్నర అయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ జపాన్ ఆటలను తెలుగులోకి తెస్తోంది. కొత్తగా ఆడేవాళ్ల కోసం ఒక్కో ఆటకు పరిచయం రాసే మనిషి వాళ్లకు కావాలి. ఇంటి నుంచే పని. ప్రవళిక పన్నెండు పేజీల పరిచయం రాసి పంపింది. కంపెనీ తరఫున మాట్లాడే సాయిప్రసాద్ ఆఖరి పరీక్ష ఏమిటో ఫోన్‌లో చెప్పాడు. జన్మలో ఏ ఆటా ఆడని మనిషి ఒకరు, ఆమె రాసింది చదువుకుంటూ, మొదటి అధ్యాయం చివరి పోరు గెలవాలి. శనివారం సాయంత్రం ఆరింటిదాకా గడువు. తెర మీద జరిగేదీ, గదిలో వినిపించేదీ అంతా రికార్డవుతుంది. ప్రవళిక నోరు విప్పకూడదు. విప్పితే పరీక్ష రద్దు, ఉద్యోగం పోయినట్టే.

వీధిలో ఆట ఆడనివాడు దొరకడం కష్టమైంది. వంట విడిచి కూర్చోనని తల్లి అంది. చివరికి తండ్రే మిగిలాడు. పైగా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అని ఆమె ధైర్యం.

"ఎంతసేపు ఆడాలె?" అన్నాడు గంగాధర్.

"మొత్తం ఆడితే నూట ఇరువై గంటలు బాపు. నువ్వు మొదటి ద్వీపం దాటితే సాలు."

"నూటిరువై గంటలా?" అంది ముత్తెమ్మ వంటింట్లోంచి. "గన్ని గంటలల్ల రెండెకరాల పసుపు తవ్వొచ్చు."

ఆట మొదట్లో కథానాయకుడు సముద్రపు ఒడ్డున స్పృహ లేకుండా పడి ఉంటాడు. గతం గుర్తుండదు, పేరు కూడా మనమే పెట్టాలి. గంగాధర్ కళ్లజోడు సర్దుకుని, ఎవరి పేరైనా పెట్టొచ్చన్న వాక్యం రెండుసార్లు చదివి, నడిపయ్య అని పెట్టాడు. నీలం జుట్టు, వెండి కత్తి ఉన్న పద్దెనిమిదేళ్ల నడిపయ్య లేచి నిలబడ్డాడు.

మొదటి పేజీలో ప్రవళిక ఇలా రాసింది: "దారిలో కలిసిన ప్రతి ఒక్కరితోనూ మాట్లాడండి. వెంట వస్తామన్నవాళ్లను కాదనకండి. ఎవరు ఎప్పుడు పనికొస్తారో ఈ ఆటలో చెప్పలేం."

"మస్తు రాసినవ్ బిడ్డా" అన్నాడు గంగాధర్ మనస్ఫూర్తిగా.

మూడు రోజులు ఆ పేజీ దాటలేదు. ఊళ్లో ఉన్న ప్రతి ఇంట్లోకీ వెళ్లాడు. గొడుగులమ్మేవాడు వస్తానన్నాడు, రమ్మన్నాడు. సూపు కాచే ముసలమ్మ వస్తానంది. ఆమె పిల్లి తప్పిపోయిందంటే నాలుగు గంటలు వెతికి తెచ్చి, పిల్లినీ చేర్చుకున్నాడు. టోపీ పెట్టుకున్న కప్ప, కవలలు, ఎప్పుడూ నిద్రపోయే లావుపాటి మనిషి, రెండు కత్తులు తిప్పే ఒక సైన్యాధికారిణి, నడిచే పుట్టగొడుగు. కాదనకండి అని రాసి ఉంది కనుక కాదనలేదు. గురువారానికి నలభై మూడు మంది అయ్యారు. ప్రవళిక స్వయంగా రెండుసార్లు ఆట పూర్తి చేసింది గానీ, మొదటి ద్వీపంలోనే ఇంతమంది ఉన్నారని ఆమెకే తెలియదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"గా కప్పకు టోపెందుకయ్యా?" అని అడిగింది ముత్తెమ్మ చాయ్ గ్లాసు పెడుతూ.

"ఎండకు. దాన్నేమనకు, మంచిగ పనిచేస్తది."

నాలుగో పేజీ దగ్గర చిక్కు వచ్చింది. "పోరులోకి ఒకసారికి నలుగురే దిగగలరు. మీకు నచ్చిన నలుగురిని ఎంచుకోండి. మిగతావాళ్లు గుడారంలో ఉంటారు."

గంగాధర్ కాగితం పక్కన పెట్టాడు. "నచ్చుడేంది? పనికి నచ్చుడుంటదా?"

నడిపయ్యను గుడారంలోకి నడిపించి చూశాడు. ముప్పై తొమ్మిది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఎవరిని పలకరించినా ఒకటే మాట తెర మీద పడుతుంది: "ఈ రోజు నన్ను పిలుస్తారా?" గొడుగులవాడు అదే అన్నాడు. పుట్టగొడుగు కూడా అదే అంది. గంగాధర్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ముప్పై తొమ్మిది సార్లు ఆ మాట చదివాడు. చదివాక కళ్లజోడు తీసి తువ్వాలతో తుడుచుకున్నాడు.

"నలుగురికే పనిచ్చి తక్కినోల్లను కూసోవెడ్తె అది జట్టెట్లయితది?" అన్నాడు.

అప్పటినుంచి వంతులు మొదలయ్యాయి. ప్రతి పోరుకూ కొత్త నలుగురు. ఇప్పుడు కప్ప, కవలలు, గొడుగులవాడు. తర్వాత ముసలమ్మ, పిల్లి, పుట్టగొడుగు, నడిపయ్య. ఎక్కడా రాసుకోలేదు, ఒక్క వంతూ తప్పలేదు. ఆటలో బలం పోరాడిన కొద్దీ పెరుగుతుంది. నలుగురినే తిప్పితే శనివారానికి వాళ్లు ఇరవయ్యో లెవెల్ చేరేవారు. ఇక్కడ నలభై మూడు మందీ తొమ్మిదో లెవెల్‌లో సమానంగా ఉన్నారు. నిద్రపోయే మనిషి కూడా తొమ్మిదే. చివరి పోరుకు కనీసం ఇరవై ఉండాలని ప్రవళిక ఎనిమిదో పేజీలో రాసింది. గంగాధర్ అది చదివి, "అందరు కలిస్తె మస్తయితది" అన్నాడు.

ప్రవళిక లేచి పెరట్లోకి వెళ్లి, పంపు దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం అసలు నడిపయ్య కుంటుకుంటూ వచ్చాడు. తన పేరున్నవాడు జపాన్ ఆటలో పోరాడుతున్నాడని ఎవరో చెప్పారట. తెర దగ్గరగా స్టూలు జరుపుకున్నాడు.

"నా మోకాలు మంచిగనే ఉన్నది గదా మేస్త్రి గండ్ల."

"దుంకుతడు గూడ. సూడు."

చివరి పోరు ఇనుప తాబేలుతో. రేవు ద్వారానికి అడ్డంగా పడుకుని ఉంటుంది, నోట్లోంచి ఆవిరి వదులుతుంది. అది కదిలితే గాని ఓడ బయలుదేరదు. దిగిన నలుగురూ కూలిపోతే గుడారంలోంచి ఇంకో నలుగురిని పిలిచే వీలుంది. "ఆ అవసరం వచ్చిందంటే మీ సన్నాహం సరిగా లేనట్టే" అని తొమ్మిదో పేజీ హెచ్చరిస్తుంది. ఆ వాక్యం గంగాధర్‌కు అర్థం కాలేదు. లారీ నింపేటప్పుడు నలుగురు అలిసిపోతే ఇంకో నలుగురు రావడంలో సన్నాహం లేకపోవడం ఏముంది?

ఒంటిగంటకు మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో ముగియవలసిన పోరు.

మూడో వంతులో నీలం జుట్టు నడిపయ్య ఆవిరి తగిలి బోర్లా పడ్డాడు.

"మేస్త్రి, నన్ను సంపినవ్."

"సావలే. అలిసిండు. పక్కకు పండవెట్టిన."

"నీళ్లన్న తాపు మరి."

"సీసాలు అందరికి సరిపోవాలె నడిపి. నీకొక్కనికే తాపుతనా?"

నడిపయ్య మొహం ముడుచుకున్నాడు గానీ న్యాయం అతనికీ తెలుసు. ముత్తెమ్మ అటుకులు వేయించి తెచ్చింది. నాలుగు గంటలయ్యేసరికి తాబేలు ప్రాణం సగానికి వచ్చింది. ఒక్కొక్కరి దెబ్బకు వెంట్రుకంత తగ్గుతోంది. కొట్టడం, కూలడం, కొత్తవాళ్లు రావడం. అయిదున్నరకు తెర మీది ఎర్రగీత చివర గోరంత మిగిలింది. నలభై మంది కూలిపోయారు. వంతు ప్రకారం మిగిలింది ముగ్గురు. సూపు కాచే ముసలమ్మ, నిద్రపోయే మనిషి, టోపీ కప్ప.

గంగాధర్ సంచిలో ఒక గంట ఉంది. అది మోగిస్తే కూలినవాళ్లలో ఒకరు లేస్తారు, ఒకేసారి పనిచేస్తుంది. రెండు కత్తుల సైన్యాధికారిణిని లేపితే ఒక్క దెబ్బ చాలు. పదో పేజీలో కూడా అదే ఉంది: "గంటను మీ అందరిలో బలమైనవారి కోసం దాచుకోండి."

గంగాధర్ ఆ పేజీ చదివాడు. కూతురి వైపు చూశాడు. ఆమె చున్నీ కొస పళ్ల మధ్య ఉంది. కళ్లు తెర మీదే ఉన్నాయి.

"పిల్ల నౌకరయ్యా" అంది ముత్తెమ్మ మెల్లగా.

"గామె వంతు అయిపోయింది" అన్నాడు గంగాధర్.

"అయితె ఏమాయె?"

"ఇరువై ఆరేండ్లల్ల ఒక్కపారి గూడ..." అని ఆగిపోయాడు. నడిపయ్య వైపు చూశాడు. నడిపయ్య తన మోకాలు చూసుకుంటూ కూర్చున్నాడు.

గంగాధర్ గంట మోగించాడు.

సైన్యాధికారిణి లేచింది. గంటతో లేచినవాళ్లు ఖాళీగా ఉన్న నాలుగో చోట దిగడం కుదరదు. ఆమెను ముందుకు తేవాలంటే ఎదుట నిలబడ్డ ముగ్గురిలో ఒకరిని వెనక్కి పంపమని ఆట అడిగింది. ముసలమ్మను పంపాడు. ముసలమ్మ గరిటె భుజాన పెట్టుకుని వెనక్కి నడిచింది. పోతూ పోతూ ఇటు తిరిగింది. తెర మీద మాటలు పడ్డాయి.

"ఈ రోజు నన్ను పిలుస్తారా?"

గంగాధర్ బొటనవేలు బటన్ మీద చాలాసేపు ఉంది. అతను బటన్ నొక్కాడు, సైన్యాధికారిణిని వెనక్కి పంపి ముసలమ్మను ముందుకు పిలిచాడు.

వెంటవెంటనే రెండోసారి మనుషులను మారిస్తే ఎదుటివాడికి ఒక దెబ్బ అదనంగా దొరుకుతుంది. అది ఏడో పేజీలో ఉంది. తాబేలు నోరు తెరిచి ఆవిరి వదిలింది. కప్ప పడిపోయింది. నిద్రపోయే మనిషి నిద్రలోనే పడిపోయాడు. ముసలమ్మ గరిటె పైకెత్తి, ఏ దెబ్బా కొట్టకుండానే కూర్చుండిపోయింది. గంటతో లేచి వెనకడుగు వేసినవాళ్లను ఆ పోరులో మళ్లీ పిలవడం కుదరదు. ఆట అయిపోయిందని తెర చెప్పింది. అయిదూ నలభై ఒకటి.

"గిప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు గంగాధర్.

ప్రవళిక తల ఊపింది.

"నౌకరి పోగొట్టిన్నా బిడ్డా?"

"తెల్వది బాపు" అంది ఆమె. తర్వాత చెప్పుల కోసం గుమ్మం దగ్గర వెతికి, అవి కాళ్లకే ఉన్నాయని చూసుకుని, ఊరికే బయటికి వెళ్లి వచ్చింది. రాత పనిలో అబద్ధం రాయడం చేతకాక, ఉన్నదున్నట్టు కంపెనీకి పంపింది: పాఠకుడు ఓడిపోయాడు, సూచనలు చదివాడు, గడువు ముగిసింది.

సోమవారం సాయిప్రసాద్ ఫోన్ చేశాడు. అతని గొంతులో కోపం లేదు గానీ అలసట ఉంది. రికార్డింగ్ మొత్తం చూశాడట, ఆదివారమంతా పోయిందట.

"ప్రవళిక గారూ, మొదటి ద్వీపంలో నలభై మూడు మందిని ఎవరూ చేర్చలేదండీ. మా దగ్గర పనిచేసేవాళ్లు కూడా. మీ నాన్నగారు మీరు రాసింది అక్షరం వదలకుండా చేశారు. వచ్చేవాళ్లను కాదనకండి అని మీరే రాశారు. నచ్చినవాళ్లను ఎంచుకోమని వదిలేశారు. ఎందుకు నలుగురో ఎక్కడా చెప్పలేదు. తప్పు ఆయనది కాదు, పేజీది. బుధవారం లోపల సరిచేయండి. ఇంకో కొత్త మనిషితో ఆడించండి. ఈసారి పోతే మాత్రం నేనేమీ చేయలేను."

రాత్రికి రాత్రే పేజీ మారిపోయింది. ఇంకో కొత్త మనిషి ముత్తెమ్మ. ఆమె కంట్రోలర్ అందుకుని, ఎదురుపడ్డ మొదటి నలుగురిని తీసుకుంది. అయిదోవాడు గొడుగులతో వస్తే, "జరుగు జరుగు, గింతమందికి వంట ఎవలు చేస్తరు?" అని దాటిపోయింది. సూపు ముసలమ్మ ఇంటివైపే వెళ్లలేదు. మంగళవారం సాయంత్రానికి నాలుగు దెబ్బల్లో తాబేలును లేపేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్లిపోయింది.

గురువారం ఉద్యోగం వచ్చినట్టు మెయిల్ వచ్చింది. పరిచయం ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్లాలి, చివరిసారి చూసి పంపమన్నారు. ప్రవళిక ల్యాప్‌టాప్ తెచ్చి అరుగు మీద తండ్రి ఒళ్లో పెట్టింది. గంగాధర్ కళ్లజోడు పెట్టుకుని కొత్త మొదటి పేజీ చదివాడు.

"ఎంతమంది కలిసినా నలుగురితోనే ముందుకు సాగండి. అప్పుడే బలం పెరుగుతుంది. మిగిలినవాళ్లు ఏమీ అనుకోరు."

రెండోసారి కూడా చదివాడు.

"మంచిగ రాసినవ్. గిట్ల రాస్తె నేను గూడ గెలుస్తుంటి" అన్నాడు. తర్వాత వేలు కిందికి జరిపి ఆఖరి వాక్యం మీద ఆపాడు. "గీ ముక్క నీకు ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే బాపు. ఆట గదా అది."

"వాళ్లను అడిగినవా?"

ఆమె నవ్వబోయింది. తండ్రి నవ్వడం లేదు. ఆటోలు ఆగే చోట ఎవరో వెనకొచ్చి ముందు సీటు పట్టినా అతను అటు చూడలేదు. ప్రవళిక ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఆఖరి వాక్యం కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో కాసేపు ఆలోచించింది. ఆ చోటు ఖాళీగానే వదిలి పంపించింది.