హద్దురాయి మీద చెయ్యి

మా దందాలో మధ్యవర్తికి కాగితం ఉండదు. బయానా కాగితం కొనేవాళ్లది, రిజిస్ట్రేషన్ దస్తావేజు కూడా వాళ్లదే. మాకు మిగిలేది మాట. ఆ మాటకు ఒక గుర్తు కావాలి కాబట్టి మా దిక్కున ఒక పద్ధతి నడుస్తుంది. కొనే పార్టీని భూమి దగ్గరికి తీసుకుపోయి, వాళ్ల చెయ్యి హద్దురాయి మీద పెట్టిస్తాం. రాయి ముట్టించినవాడిదే పార్టీ. కమీషన్ దగ్గర లొల్లి అయితే పెద్దమనుషులు ముందు అడిగే ప్రశ్న అదే: రాయి ముట్టించిందెవరు?

ఈ పద్ధతి నాకు నేర్పినాయన తల్లాడ దిక్కు మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను ఖమ్మంలో ఎరువుల దుకాణంలో పని పోగొట్టుకుని గాలికి తిరుగుతుంటే తన బండి వెనక ఎక్కించుకున్నాడు. పదకొండేళ్లు తిరిగాం. ఆయన మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి నేను నడిపేవాణ్ణి, ఆయన వెనక కూర్చునేవాడు. ఖానాపురం హవేలి ప్లాట్ల నుంచి అడవి అంచున జామాయిల్ తోటల దాకా మేం తొక్కని గట్టు లేదు. వాగు దాటితే ఏజెన్సీ. అక్కడి భూమి బయటివాళ్లు కొనకూడదు. చాలామంది ఏవేవో దారులు వెతికేవాళ్లు. ఆయన మాత్రం వాగు కనబడగానే బండి తిప్పమనేవాడు.

"మనది కానిదాని మీద చెయ్యి పెట్టొద్దు తమ్మీ."

నేను నవ్వి తిప్పేవాణ్ణి.

లొల్లి ఒక ఎకరన్నర మిరప చేను దగ్గర మొదలైంది. కొనే మనిషి ఖానాపురం హవేలిలో ఉండే ఉద్యోగి, పెద్దాయనకు పాత పరిచయం. పెద్దాయనే చేను చూపించాడు, రాయి ముట్టించాడు. నేను పక్కనే ఉన్నాను. చేను నచ్చింది గానీ ఆ ఉద్యోగి, "మా ఇంటామె కూడా ఒకసారి చూడాలి" అన్నాడు. ఆమె వస్తానన్న రోజు పొద్దున పెద్దాయన నాకు ఫోన్ చేశాడు.

"మోకాలు గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. నువ్వు పోయి ఆ అమ్మకు చూపించి రా."

పోయాను, చూపించాను. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి కూడా రాయి మీద పెట్టించాను. ఆ పూట నా మనసులో దురాలోచన ఏమీ లేదు. నన్ను నేను కాపాడుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. దురాలోచన తర్వాత వచ్చింది, తీరిగ్గా వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీద అయింది. ఆఫీసు మెట్ల మీద, అమ్మినవాళ్ల తరఫు మధ్యవర్తి నా చెవి దగ్గరికి వచ్చాడు. "పేరు ఆమెది. ఆమెకు ముట్టించింది నువ్వు. మరి ఆయనకేంది వాటా?" అన్నాడు. నాకు అంత అవసరం కూడా లేదు. ఇంటి ముందు రేకులు వేయించాలని ఉంది, అంతే. అయినా ఆ మాట నా చెవిలో నుంచి బయటికి పోలేదు. కమీషన్ నా చేతికి వచ్చింది, పెద్దాయన వాటా ఆపేశాను. ఆయన పంచాయితీ పెట్టించాడు.

టీ హోటల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలు, ముగ్గురు పెద్దమనుషులు, చుట్టూ మా దందా వాళ్లు పదిమంది. పెద్దాయన షేర్ ఆటోలో వచ్చాడు. పదకొండేళ్లలో ఆయన నా బండి మీద కాకుండా రావడం అదే మొదటిసారి. కుంటుకుంటూ వచ్చి, కూర్చోకుండానే మాట్లాడాడు.

"పైసలు మీరు ఎట్లన్న పంచుకోండ్రి. నేను తెచ్చిన పార్టీ అని ఒక్క మాట అనుండ్రి, చాలు. నా పార్టీ నాది కాదని ఇయ్యాల తేలితే, రేపు నన్ను ఎవ్వరు పిలుస్తరు?"

ఆయన అడిగింది అంతే. ఆ మాట పోతే ఆయనకు ఈ దందాలో ఇంకేమీ మిగలదని అక్కడున్న అందరికీ తెలుసు.

పెద్దమనుషుల్లో ఒకాయన నా వైపు తిరిగాడు.

"ఆమెకు రాయి ముట్టించిందెవరు?"

"నేనే."

"నీకంటే ముందు ఆమెకు ఎవరన్న చూపించిండ్రా?"

"లేదు."

రెండూ నిజాలే. అబద్ధం చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట నాలుక తడబడేదేమో. పెద్దాయన నా మొహం చూస్తూ నిలబడ్డాడు. 'పంపింది నేనే' అని ఆయన అనవచ్చు. అనలేదు. అది నా నోటి నుంచి రావాలని ఆగాడు. నేను టీ తాగాను. సిగ్గు వేయలేదు, భయం వేయలేదు. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టు ఉంటుంది చూడండి, నా నోరు అట్లా ఉంది.

నా గ్లాసు ఖాళీ అయ్యాక ఆయనే అన్నాడు.

"అవ్. ఆమెకు తమ్ముడే ముట్టించిండు."

పార్టీ నాదని తేలింది. ఆయన మళ్లీ షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

రేకులు వేయించాను. వాటి కింద నాకు అన్నం పెడుతూ నా భార్య, "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న" అంది. నేను పెరుగు వెయ్యమన్నాను. పెద్దాయనను ఎవరూ పిలవడం లేదని, ఇంట్లోనే ఉంటున్నాడని వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా ఏదో ఒకటి అనిపించాలి కదా అని చూసుకునేవాణ్ణి. ఏమీ అనిపించేది కాదు.

ఎండాకాలంలో ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"నా చెలక అమ్ముతున్న తమ్మీ. పార్టీ ఉంటే పట్టుకరా."

నన్నే ఎందుకు పిలిచాడో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. రెండు రోజులకు ఒక మొగుడూ పెళ్లాన్ని తీసుకుపోయాను. ఆ మెట్ట చెలక దగ్గర పెద్దాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన మా దందా వాళ్లు ఇద్దరు, ఆయన పిలిపించుకున్నవాళ్లే. చిక్కిపోయాడు. మమ్మల్ని హద్దు దాకా తనే నడిపించాడు.

నేను ఆ భర్త చెయ్యి పట్టి రాయి మీద పెట్టించబోయాను. పెద్దాయన ఆగమన్నాడు.

"ఆ అమ్మతోని కూడ ముట్టియ్యి. రేపు పేరు ఎవరిదైతదో ఎవరికెరుక. నీ కమీషన్ నీకు రావాలె గద." తర్వాత ఆ దందా వాళ్లిద్దరినీ చూసి అన్నాడు. "చూస్తుండ్రు గద. ఇద్దరికీ తమ్ముడే ముట్టిస్తుండు. నేను పంపలే, తనే తెచ్చిండు."

ఎగతాళి లేదు ఆ గొంతులో. ఎగతాళి ఉంటే నాకు తేలికగా ఉండేది. నాకు పదకొండేళ్లు పని నేర్పిన గొంతుతోనే అన్నాడు.

ఇద్దరి చేతులూ పట్టి రాయి మీద పెట్టించాను. ఎండకు రాయి కాలిపోతున్నట్టుంది, ఇద్దరూ చటుక్కున చేతులు తీసేసుకున్నారు. ఆమె అరచెయ్యి ఊదుకుంటూ నన్ను చూసింది.

"మీకు కాలుతలేదా అన్నా?"

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది.