నడిమి తలుపు అవతల రెండో ఫోను

మా చిన్నప్పుడు... ఆత్మకూరులో మా ఇంటికి కార్డ్‌లెస్ ఫోను వచ్చిన రోజున, దాన్ని బిగిస్తుంటే నేను నడిమి తలుపు సందులోంచి చూశాను.

ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఆ తలుపు. నా పదో తరగతి అయినప్పటి నుంచి గిరాకీ ఉన్నంతసేపూ అది మూసే ఉండేది. "చదివింది చాల్లే, ఇంట్లో ఉండనీ" అన్నాడు నాయన.

బిగించే మనిషి గట్టిగా చెబుతున్నాడు... "పాతవాటి మాదిరి గాదు శెట్టిగారూ, ఇది డిజిటల్. మాటని అంకెలు చేసి ముక్కలు ముక్కలుగా గాల్లో పంపిస్తాది. ఒక దారిలో గోలుంటే అదే ఇంకో దారి ఎతుక్కుంటాది. ఈ పెట్టెకీ చేతి ఫోనుకీ జత కుదిర్చినాను, పక్కింటోళ్లకి మీ మాట ఇనపడదు."

"దూరం పోతే మాట సన్నబడదా?"

"సన్నబడదు. ఉంటే నిండుగా ఉంటాది, లేకుంటే తునకలు తునకలుగా తెగిపోతాది."

పెట్టె కొట్టులో పెట్టి, చేతి ఫోను ఇంట్లోకి ఇచ్చారు. పాత ఫోను గల్లాపెట్టె పక్కనే ఉండిపోయింది... అదే లైను మీద.

నేను ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి చూశాను. వంటింట్లో బాగుంది. బియ్యం డ్రమ్ముల గదిలో తెగుతోంది. పెరట్లో ఉతికే బండ దాకా వస్తోంది, దాటితే లేదు.

"ఏందే, కొలతలేస్తా ఉండావా?" అని అమ్మ నవ్వింది.

అవును... నా లోకం కొలతలూ అవే కదా అప్పుడు.

నాయన బజారుకు వెళ్లాడనుకున్న ఒక మధ్యాహ్నం, నెల్లూరు నుంచి నా స్నేహితురాలు రమణి ఫోను చేసింది. ఆమె అప్పటికే అక్కడ ఇంటర్‌లో చేరిపోయింది.

"మీ మావయ్య ఒప్పుకున్నాడు మే! ఆయన్ని చూసొస్తానని చెప్పి శుక్రవారం వచ్చెయ్. ఆ రోజే కాలేజీలో చేర్పిస్తాడంట. మార్కుల మెమో మర్చిపోబాక!"

నెల్లూరులో ఉండే ఆ మావయ్య అమ్మ తమ్ముడు. నాకు మిగిలిన దారి ఆయనొక్కడే...

అంతలో రమణి గొంతు సన్నబడింది. సిగ్నల్ అనుకున్నాను. బండ మీద నుంచి లేచి, పెట్టెకు దగ్గరగా ఉంటుందని నడిమి తలుపు దాకా వచ్చి నిలబడ్డాను.

"శుక్రవారం పొద్దున బస్సుకి వస్తా. నాయనకి మాత్రం తెలీనీబాకండి" అని ఒక్కో మాటా విడమరిచి చెప్పాను.

అప్పుడొక దగ్గు వినిపించింది... ఒక చెవికి తలుపులోంచి, ఇంకో చెవికి ఫోనులోంచి.

సిగ్నల్ తగ్గితే మాట తెగుతుంది గానీ సన్నబడదని నేనే విన్నాను కదా! సన్నబడింది నాయన పాత ఫోను ఎత్తినందుకు. గాల్లో నా మాట ఒక్క ముక్క కూడా పోలేదు. అంతా భద్రంగా వెళ్లి ఆ తీగ మీద ఆయన చెవిలో పడింది.

భోజనం దగ్గర నాయన మజ్జిగ కలుపుకున్నాడు. తర్వాత అమ్మతో, "మీ తమ్ముడికి చెప్పు, ఇంక ఈ గడప తొక్కాల్సిన పన్లేదని" అన్నాడు.

"వాడేం చేసినాడయ్యా? పిల్ల చదువుకుంటానన్నింది, అంతే గదా!"

నాయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. వెళ్తూ వెళ్తూ చేతి ఫోను కూడా కొట్టులోకి పట్టుకుపోయాడు.

శుక్రవారం బస్సు వెళ్లిపోయింది. నేను కాలేజీ గడప తొక్కనేలేదు...

ఇప్పుడు ఎవరి ఫోను వారిదే. మా అమ్మాయికి ఫోనొస్తే నేను స్టవ్ కట్టేసి వాకిట్లోకి వెళ్తాను. "దాచేదేం లేదమ్మా, కూర్చో" అంటుంది. అయినా కూర్చోను.

రెండో ఫోను ఎత్తి, మన గొంతు వినగానే చప్పుడు కాకుండా పెట్టేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే చెప్పండి... అలాంటి ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకోవాలనుంది.