వదినతో కామెడీ సినిమా

ఈ రోజు మధ్యాహ్నం మా వదినను కాస్త నవ్విద్దామని వాషర్‌మెన్‌పేట్‌లో ఒక కామెడీ సినిమాకు తీసుకెళ్లాను. అన్నయ్య పోయాక ఆమె జాకెట్లు కుడుతూ ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తోంది. సినిమాలో చేతిలో చిల్లిగవ్వ లేని ముగ్గురు ఆడవాళ్లు వంటింట్లో కూర్చుని నగల కొట్టు దోచుకోవడానికి పథకం వేస్తుంటే హాలంతా పగలబడి నవ్వింది. వదిన మాత్రం కళ్లు తుడుచుకుంటోంది.

ఇంటర్వెల్‌లో, "ఏమైంది వదినా?" అని అడిగాను.

"దొంగతనానికైనా సరే, కూర్చోని మాట్లాడుకునేదానికి ఆళ్లు ముగ్గురుండారు పాపా. నాకెవురుండారు?" అంది.

మేము మళ్లీ లోపలికి వెళ్లలేదు. బయట టీ కొట్టు దగ్గర కూర్చుని ఆమె తన కష్టాలు చెబుతుంటే విన్నాను. వాటిలో నేను తీర్చగలిగింది ఒక్కటీ లేదు.

చివరికి ఆ ముగ్గురూ దొరికిపోయారా? చూసినవాళ్లుంటే చెప్పండి. వదిన అడుగుతోంది.