మా ముందు గదిలో మొదలైన కాఫీ

పోయిన మంగళవారం పొద్దున టీచరుగారు కన్నుమూశారు. కొన్ని నెలలుగా మంచంలోనే ఉన్నారు కాబట్టి కబురు విని ఎవరమూ ఉలిక్కిపడలేదు. మా అమ్మ మాత్రం పొయ్యి ఆర్పేసి చాలాసేపు వంటగది గడప మీదే కూర్చుంది.

గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా ఆఫీసుల్లో పనిచేసిన మీలో చాలామంది ఆమె కాఫీ తాగే ఉంటారు. ఆమెను చూసినవాళ్లు తక్కువ. తన పదకొండు కాఫీ షాపుల్లో ఎక్కడా తన ఫొటో పెట్టుకోలేదు.

భర్తకు బదిలీ అయితే, కాకినాడలో లెక్కల టీచరు ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చారు. ఖాజాగూడలో మా ఇంటి ముందు గది కిరాయికి అడిగారు. కాఫీ కొట్టు పెడతానంటే అమ్మ నవ్వింది.

"ఈడ అందరం చాయ్ తాగేటోళ్లమే టీచరమ్మా. గీ కాఫీ ఎవరు తాగుతరు?"

"ముందు మీరు తాగి చెప్పండి వదినగారూ."

అమ్మ తాగి, చేదుగా ఉందని మొహం మీదే చెప్పింది. మర్నాడు కాస్త ఎక్కువ పాలు, ఆ మర్నాడు కాఫీపొడిలో తక్కువ చికోరీ. అలా వారం రోజులు ప్రయోగాలన్నీ అమ్మ మీదే. ఎనిమిదో రోజు అమ్మ ఇంకో గ్లాసు అడిగింది. ఇప్పటికీ అన్ని షాపుల్లో అదే పాళ్లు. "బాగుందని నోటితో ఎవరైనా అంటారు. మొదటి గుక్కప్పుడు మొహం చూడాలి" అనేవారు టీచరుగారు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో అక్కడే నాకు పదో తరగతి లెక్కలు చెప్పారు.

అమ్మ ఆమె దగ్గరే పనిలో చేరి, డికాక్షన్ తీయడం నేర్చుకుని, తర్వాత వచ్చినవాళ్లకు నేర్పింది. మూడో షాపు ఓ అద్దాల టవర్‌లో పెట్టారు. కౌంటర్‌లో ఇంగ్లీషు వచ్చినవాళ్లే ఉండాలని ఎవరో సలహా ఇస్తే, అమ్మను వెనక వంటగదిలోకి పంపారు. అమ్మ మర్నాటి నుంచి వెళ్లడం మానేసింది.

నాలుగో రోజు టీచరుగారు ఇంటికొచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పు నాదండి వదినగారూ. ఇన్నేళ్లు పిల్లల తప్పులు దిద్దాను, నాది నాకు కనపడలేదు."

అమ్మ కొంగు నలుపుతూ, "నాకు ఇంగ్లీషు రాదని మీకు మొదటి రోజే ఎరుకే గద" అంది.

"ఎరుకే" అన్నారామె, అమ్మ మాటతోనే.

మర్నాడు అమ్మ కౌంటర్‌లో నిలబడింది. ఆ తర్వాత ఏ షాపు తెరిచినా మొదటి నెల కౌంటర్ అమ్మదే. మేనేజర్లను బయటినుంచి తేలేదు. కప్పులు కడిగినవాళ్లే ఆ పనికి ఎదిగారు. ఆ పద్ధతి నచ్చక, పెట్టుబడి పెడతామని వచ్చినవాళ్లు ఇద్దరు వెనక్కి వెళ్లారు. షాపులు మెల్లగానే పెరిగాయి. "డికాక్షన్ దిగేదాకా ఆగాల్సిందే కదండీ" అని ఊరుకునేవారు టీచరుగారు.

శ్మశానానికి తీసుకెళ్లేముందు ఆమె ఉన్న వ్యాన్‌ను కాసేపు మా వీధిలో ఆపారు. ఎవరూ పిలవకుండానే షాపుల్లో పనిచేసే ఆడవాళ్లంతా పని మధ్యలోంచి వచ్చి, గోధుమరంగు ఏప్రన్లతోనే గోడవారగా నిలబడ్డారు. పెద్దగా ఏడ్చినవాళ్లు లేరు. అమ్మ వ్యాన్ ఎక్కి, ఆమె నుదుటి మీద పడిన వెంట్రుకలను వేళ్లతో వెనక్కి సర్దింది. వీధంతా డికాక్షన్ వాసన.