చివరి బుడగ

ఈ రోజు మంగళవారం. పొద్దున్నే ఒక వింత. పెనుకొండ దాటగానే కారు ఇంజన్ మరిగిపోతుంటే, వేడి లాగుతుందని వేసిన హీటర్ మాత్రం చల్లగాలి ఊదింది. నిన్న రేడియేటర్‌లో నీళ్లు మార్చి, వెంటనే మూత బిగించింది నాయనే. రేపు ఇదే కారులో అవ్వను కంటి ఆపరేషన్‌కు హిందూపురం తీసుకుపోవాలి.

దారిలోని షెడ్డులో ఆగాం. ఇంజన్ చల్లారాక అక్కడి మెకానిక్ అన్న కారు ముందుభాగం ఎత్తులో పెట్టించి, మూత తీసి, నీళ్లు నింపి స్టార్ట్ చేశాడు.

"లోపల గాలి ఇరుక్కోనుండాది, అందుకే వేడినీళ్లు హీటర్ దాకా పోలేదు. బుడగలు ఆగినాక చెప్పు పాపా."

ఒక్కొక్కటే పైకొచ్చి మెల్లగా పగిలే బుడగల్ని చూస్తూ నేనెక్కడికో వెళ్లిపోయాను.

"ఏం పాపా, నిద్రపోతాండావా?"

"లేదన్నా, ఇంకొకటి వస్తాదేమోనని చూస్తాండా."

"మీ నాయన ఇట్ల చూసింటే ఈడికొచ్చే పనే ఉండేది కాదు."

చివరి బుడగ పగిలాక నాయన హీటర్ ముందు చెయ్యి పెట్టి, "వెచ్చగా వస్తాండాది" అన్నాడు.

ఇంత హాయిగా నేనెప్పుడూ దేనికీ ఎదురుచూడలేదు. మీరెప్పుడైనా ఇలా ఎదురుచూశారా? రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి, తగ్గినన్ని నీళ్లు నేనే పోసి, ఆ తర్వాతే అవ్వను ఎక్కిస్తాను.